నమ్మకమైన ఆన్‌లైన్ కాసినో ఎట్ల గుర్తుపట్టాలె? విత్‌డ్రా ఆగింది, సలహా కావాలె

పాలమూరు పిల్లగాడు (కూకట్‌పల్లి)
మంగళవారం, రాత్రి 11:40

అందరికీ నమస్తే. శానా రోజుల సంది ఈడ చదువుడే గాని రాసుడు లేదు. ఇయ్యాల రాయక తప్పలే.

మా రూమ్‌మేట్ ఒక టెలిగ్రామ్ గ్రూపుల చేర్పించిండు. అండ్ల ఒక కాసినో ఆప్ లింక్. రౌలెట్, స్లాట్లు, విమానం ఎగిరే ఆట, అన్నీ ఉన్నయ్. మొదట వెయ్యి వేసిన. 500 విత్‌డ్రా పెడితే పది నిమిషాల్ల వచ్చినయ్. తర్వాత 2,000 పెడితే అవి గూడ వచ్చినయ్. నమ్మకం కుదిరింది. నెల రోజుల్ల మొత్తం 61,000 వేసిన. ఇప్పుడు ఆప్‌ల 2,14,000 చూపిస్తుంది. విత్‌డ్రా పెడితే వాట్సాప్‌ల కస్టమర్ కేర్ అంటడు, "ముందు 30 శాతం ఇన్‌కమ్ ట్యాక్స్ 64,200 కట్టండి, కట్టినంక మొత్తం రిలీజ్ చేస్తం" అని. 48 గంటల్ల కట్టకుంటే ఖాతా లాక్ అయితదట.

రెండు సంగతులు అడుగుతున్న. ఒకటి, ఆ ట్యాక్స్ కట్టాల్నా? రెండు, ఇది మంచిది కాకుంటే నమ్మకమైన సైటు ఏదో ఎట్ల తెలుసుకోవాలె? అనుభవం ఉన్నోళ్ళు చెప్పున్రి.

గోదారిగట్టు (రాజమహేంద్రవరం)
మంగళవారం, రాత్రి 11:52

తమ్ముడూ, ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఇంకేం చదవకపోయినా ఈ మాట చదువు. నేను బ్యాంకులో పనిచేస్తాను, ఇలాంటివి వారానికి రెండు మూడు చూస్తాను. ఆ 64,200 కట్టావనుకో, రేపు "ప్రాసెసింగ్ ఫీజు" అంటారు, ఎల్లుండి "యాంటీ మనీలాండరింగ్ డిపాజిట్" అంటారు. నీ దగ్గర అయిపోయేదాకా అడుగుతూనే ఉంటారు.

నువ్వు డబ్బు వేసిన యూపీఐ ఐడీలు ఎవరి పేరు మీద ఉన్నాయో చూసి చెప్పు.

పాలమూరు పిల్లగాడు
బుధవారం, అర్ధరాత్రి 12:05

చూసిన అన్నా. ఏడుసార్లు వేసిన, ఏడు పేర్లు. ఒకటి మొబైల్ షాపు, ఒకటి ఏదో టిఫిన్ సెంటర్, మిగిలినవి మనుషుల పేర్లు. నేను అప్పుడు పట్టించుకోలే.

గోదారిగట్టు
బుధవారం, అర్ధరాత్రి 12:20

అదే. అవి అద్దెకు తెచ్చిన ఖాతాలు. మా దగ్గర మ్యూల్ ఖాతాలు అంటాం. నెలకింత అని ఇచ్చి చదువుకునే పిల్లల దగ్గర, చిన్న దుకాణాలవాళ్ళ దగ్గర పాస్‌బుక్కు, సిమ్ము తీసుకుంటారు. ఒక ఖాతా పోలీసులు ఆపేలోపు ఇంకో ఖాతాకి మారతారు. అందుకే నీకు ప్రతిసారీ కొత్త ఐడీ వచ్చింది. నిజంగా వ్యాపారం చేసుకునేవాడికి కంపెనీ పేరు మీద ఒక ఖాతా ఉంటుంది, ఏడు పేర్లు ఉండవు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది, చాలామందికి తెలియదు. నీకు మొదట్లో వచ్చిన 500, 2,000 ఎక్కడినుంచి వచ్చాయి? బహుశా నీలాగే మోసపోయిన ఇంకొకరి డబ్బు. వాళ్ళు ఫిర్యాదు చేస్తే ఆ దారి వెంట వచ్చి నీ ఖాతా మీద కూడా హోల్డ్ పడొచ్చు. జీతం పడే ఖాతా అయితే నెల గడవడం కష్టమైపోతుంది.

ఇప్పుడే 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ప్రతి లావాదేవీ యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు), తేదీ, మొత్తం దగ్గర పెట్టుకో. ఆప్ తీసెయ్యకు, ముందు స్క్రీన్‌షాట్లు తియ్యి. చివరిగా వేసింది ఎప్పుడు?

పాలమూరు పిల్లగాడు
బుధవారం, అర్ధరాత్రి 12:26

నిన్న పొద్దున 18,000.

గోదారిగట్టు
బుధవారం, అర్ధరాత్రి 12:28

అయితే ఇంకా కొంతైనా ఆగే అవకాశం ఉంది. డబ్బు ఖాతాలోంచి ఖాతాలోకి పరిగెత్తేలోపు ఆపాలి. తెల్లారేదాకా ఆగొద్దు, ఫోన్ చెయ్యి.

లెక్కల పద్దు (విజయవాడ)
బుధవారం, ఉదయం 7:15

ఆడిటర్‌గా ట్యాక్స్ సంగతి నేను చెబుతాను, ఈ అబద్ధంతోనే ఎక్కువమందిని ముంచుతున్నారు.

ఆన్‌లైన్ ఆటల గెలుపు మీద 30 శాతం టీడీఎస్ 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన మాట నిజం. అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 194బీఏ. వాళ్ళు ఈ నిజాన్నే పట్టుకుని కథ అల్లుతారు. కానీ టీడీఎస్ అంటే ఇచ్చేవాడు కోసుకుని మిగతాది ఇవ్వడం. గెలిచినవాడి దగ్గర ముందుగా ఇంకో ఖాతాలోకి కట్టించుకోవడం కాదు. నీకు ఇవ్వాల్సిన రెండు లక్షలు వాడి దగ్గర ఉంటే అందులోంచే మినహాయించుకుని పంపుతాడు. పంపడంలేదంటే ఆ డబ్బు లేదు. నీ తెరమీద కనిపించేది ఒక అంకె, అంతే.

ఇంకో లెక్క చూడు. పన్ను నికర గెలుపు మీద. నువ్వు వేసింది 61,000, తీసుకుంది 2,500, చూపిస్తున్న బ్యాలెన్సు 2,14,000. నికరం 1,55,500. దాని మీద 30 శాతం 46,650. వాళ్ళు మొత్తం 2,14,000 మీద వేసి 64,200 అన్నారు. పన్ను ఎలా లెక్కకడతారో కూడా తెలియనివాడు పన్ను పేరు చెప్పి అడుగుతున్నాడు.

(నీ పాన్ కార్డు, ఆధార్ ఫొటోలు వాళ్ళకి పంపావా? పంపితే అది కూడా ఫిర్యాదులో రాయి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకో.)

గెలుపుబాట777
బుధవారం, ఉదయం 9:02

[ఈ సందేశం తొలగించబడింది]

నిర్వాహకుడు
బుధవారం, ఉదయం 9:10

"100 శాతం జెన్యూన్, ఇన్‌స్టంట్ విత్‌డ్రా" అంటూ రిఫరల్ లింకు పెట్టారు. తీసేశాం, ఖాతా మూసేశాం. ఇక్కడ ఏ సైటు పేరూ, లింకూ వద్దు. ఎవరికైనా విడిగా మెసేజ్ వచ్చినా మాకు చెప్పండి. ఇలా డబ్బు పోయిందని రాసినవాళ్ళనే వెతికి "పోయిన డబ్బు వెనక్కి తెప్పిస్తాం" అని ఇంకోసారి దోచేవాళ్ళు కూడా ఉన్నారు.

రెడింగ్ రాధ (యూకే)
బుధవారం, మధ్యాహ్నం 1:30

తమ్ముడు అడిగిన రెండో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. నేను ఇక్కడ లైసెన్సు ఉన్న ఒక గ్యాంబ్లింగ్ కంపెనీలో, ఫిర్యాదులు చూసే విభాగంలో నాలుగేళ్ళు పనిచేశాను. లోపలినుంచి చూశాను కాబట్టి చెప్పగలను.

"నమ్మకమైన కాసినో" అంటే అందరూ ఆటలు బాగుంటాయా, డబ్బు త్వరగా వస్తుందా అని చూస్తారు. నేను అడిగే ప్రశ్న ఒక్కటే. నా డబ్బు ఇవ్వనంటే నేను ఎవరి దగ్గరికి వెళ్ళాలి? వాళ్ళకి ఆ కంపెనీని శిక్షించే అధికారం ఉందా? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే రంగులూ బోనస్సులూ ఎన్ని ఉన్నా ఒకటే.

బ్రిటన్‌లో ఆ జవాబు గ్యాంబ్లింగ్ కమిషన్, జూదం కంపెనీలకి లైసెన్సులిచ్చే నియంత్రణ సంస్థ. ప్రతి సైటు అడుగున లైసెన్సు నంబరు ఉండాలి. ఆ బొమ్మ చూసి నమ్మకూడదు, బొమ్మ ఎవరైనా కాపీ కొట్టొచ్చు. కమిషన్ సొంత వెబ్‌సైటులో పబ్లిక్ రిజిస్టర్ ఉంది. అందులోకి మనమే వెళ్ళి, ఆ కంపెనీ పేరు కింద ఈ సైటు చిరునామా అక్షరం తప్పకుండా ఉందో లేదో చూసుకోవాలి. ఒక అక్షరం మార్చి అచ్చం అలాగే ఉండే సైట్లు చూశాను నేను. పెద్ద కంపెనీల స్లాట్ ఆటల్ని దొంగతనంగా కాపీ చేసి, లోపల గెలుపు శాతం మార్చి నడిపేవీ ఉన్నాయి. బొమ్మ అదే, సంగీతం అదే.

రెండోది, గుర్తింపు పత్రాలు. 2019 మే నుంచి ఇక్కడ ఆట మొదలుపెట్టకముందే వయసూ గుర్తింపూ సరిచూడాలి. డబ్బు వేసేటప్పుడు ఏమీ అడగకుండా, తీసుకునేటప్పుడు మాత్రం పాస్‌పోర్టు, కరెంటు బిల్లు, సెల్ఫీ, మళ్ళీ సెల్ఫీ అని తిప్పేవాడు ఇవ్వకుండా ఉండటానికి సాకు వెతుకుతున్నట్టే. వేయడం సులువు, తీయడం కష్టం అయినచోట ఆగిపోవాలి.

మూడోది ఎవరూ చదవని సంగతి. కంపెనీ దివాళా తీస్తే ఖాతాలో ఉన్న మన డబ్బుకి రక్షణ ఏ స్థాయిలో ఉందో షరతుల్లో చెప్పి తీరాలి. నాట్ ప్రొటెక్టెడ్, మీడియం, హై అని మూడు. నాట్ ప్రొటెక్టెడ్ అంటే రక్షణ లేనట్టే. లైసెన్సు ఉన్న కంపెనీలోనైనా పెద్ద మొత్తం ఉంచకూడదు అనేది అందుకే.

ఫిర్యాదు పెట్టి ఎనిమిది వారాల్లో తేలకపోతే ఐబాస్ లాంటి స్వతంత్ర మధ్యవర్తి దగ్గరికి ఉచితంగా వెళ్ళొచ్చు. క్రెడిట్ కార్డుతో జూదం 2020 ఏప్రిల్ 14 నుంచి నిషేధం. అంటే బ్రిటన్‌వాళ్ళకి క్రెడిట్ కార్డు తీసుకుంటానన్న సైటు అక్కడే దొరికిపోయింది. ఆన్‌లైన్ స్లాట్లలో ఒక్క స్పిన్‌కి 5 పౌండ్లు మించకూడదు, 18 నుంచి 24 ఏళ్ళవాళ్ళకి 2 పౌండ్లే. రెండూ 2025లో వచ్చాయి.

ఒక్కటి ప్రత్యేకంగా చెప్పాలి. ఆడకుండా తమను తాము ఆపుకోవాలనుకునేవాళ్ళకి గ్యామ్‌స్టాప్ అని ఉంది. ఆర్నెల్లు, ఏడాది, అయిదేళ్ళు, ఏదో ఒకటి ఎంచుకుంటే లైసెన్సు ఉన్న అన్ని సైట్లూ ఆపేస్తాయి. "మేము గ్యామ్‌స్టాప్‌లో లేము" అని గొప్పగా ప్రకటన ఇచ్చుకునే సైట్లు ఉన్నాయి. మానేయాలని ప్రయత్నిస్తున్న మనిషినే వలవేసి పట్టే పని అది. ఆ ఫోన్లు ఎత్తినదాన్ని, ఇప్పటికీ తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఎడిసన్ వాసి (న్యూజెర్సీ)
బుధవారం, రాత్రి 7:45

రాధక్క చెప్పినదే ఇక్కడా. న్యూజెర్సీలో ఆన్‌లైన్ కాసినో 2013 నవంబరులో మొదలైంది. ప్రతి ఆన్‌లైన్ కాసినో అట్లాంటిక్ సిటీలోని ఏదో ఒక అసలు కాసినో లైసెన్సు కింద నడవాలి. గేమింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ డివిజన్ వాళ్ళ వెబ్‌సైటులో అనుమతి ఉన్నవాటి జాబితా ఉంటుంది. 21 ఏళ్ళు నిండాలి, రాష్ట్రం సరిహద్దు లోపల ఉండాలి. ఫోన్ లొకేషన్ చూస్తుంది, వంతెన దాటి న్యూయార్క్‌లోకి వెళ్తే ఆట ఆగిపోతుంది. అది చూసి విసుక్కోవద్దు, నియంత్రణ ఉందనడానికి అదే గుర్తు. ఎక్కడినుంచైనా ఆడనిచ్చేవాడికి ఎవరి అనుమతీ లేనట్టే.

టెక్సస్, కాలిఫోర్నియా మనవాళ్ళు నన్ను అడుగుతుంటారు. ఆ రాష్ట్రాల్లో అనుమతి ఉన్న ఆన్‌లైన్ కాసినోలు లేవు. "టెక్సస్‌లో నంబర్ వన్" అని ఫేస్‌బుక్‌లో కనిపించేవి బయటి దేశాలవి.

నేను నెలకి 40 డాలర్లు పెట్టి ఆడతాను, సినిమాకి వెళ్ళినట్టు అనుకుంటాను. డిపాజిట్ పరిమితి సైటులోనే పెట్టుకున్నాను. ఇంకో మాట, పన్ను. 2026 నుంచి ఇక్కడ ఫెడరల్ లెక్కలో పోగొట్టుకున్నదాంట్లో 90 శాతమే మినహాయింపుగా చూపించుకోవచ్చు. 10,000 గెలిచి 10,000 పోగొట్టుకున్నా 1,000 మీద పన్ను పడుతుంది.

కడప కుర్రోడు
బుధవారం, రాత్రి 9:20

అందరూ భయపెడుతుండారు గానీ, నేను రెండేళ్ళుగా కురసావ్ (కరీబియన్ దీవి) లైసెన్సు ఉన్న సైటులో ఆడుతుండా. యూఎస్‌డీటీతో (డాలర్ విలువకి కట్టిన క్రిప్టో) వేస్తా, యూఎస్‌డీటీతోనే తీస్తా. ఒక్కసారి కూడా ఆగలేదు. టెలిగ్రామ్ ఆప్‌నీ దాన్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు కదా.

రెడింగ్ రాధ
బుధవారం, రాత్రి 10:05

కడప తమ్ముడూ, నీకు డబ్బు వచ్చిందంటే కాదనను. కురసావ్‌లో ఏళ్ళ తరబడి ఒక మాస్టర్ లైసెన్సు కింద ఎంతోమందికి సబ్ లైసెన్సులిచ్చి వదిలేశారు, ఆటగాడి ఫిర్యాదు వినే దిక్కు ఉండేది కాదు. 2024 డిసెంబరులో కొత్త చట్టం వచ్చింది, పాత పద్ధతి తీసేశారు. మెరుగే. అయినా నీది చిన్న మొత్తం కాబట్టి ఇస్తున్నారేమో. నాలుగు లక్షలు గెలిచి, "బోనస్ షరతు ఉల్లంఘించావు" అని ఆపితే, కడపలో కూర్చుని కరీబియన్ దీవిలో ఎవరితో వాదిస్తావు? ఆ లైసెన్సు ఉన్నా నీ దేశంలో ఆడటానికి అనుమతి ఉన్నట్టు కాదు.

గోదారిగట్టు
బుధవారం, రాత్రి 10:18

ఆ యూఎస్‌డీటీ నువ్వు రూపాయల్లోకి మార్చుకునేది పీటూపీలో, అంటే నేరుగా ఇంకో మనిషికి అమ్మే కదా బ్రదర్? కొనేవాడు పంపే రూపాయలు ఏ మోసం నుంచి వచ్చాయో నీకు తెలియదు. మా బ్రాంచిలోనే అలా ఖాతా ఆగిపోయినవాళ్ళు ఉన్నారు. గుజరాత్‌లోనో ఢిల్లీలోనో ఎవరో ఫిర్యాదు చేస్తారు, కడపలో నీ ఖాతా ఆగుతుంది, విడిపించుకోవడానికి నువ్వు అక్కడిదాకా తిరగాలి.

లెక్కల పద్దు
బుధవారం, రాత్రి 10:40

చట్టం సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలు నిషేధించింది, రమ్మీతో సహా. ఆంధ్రప్రదేశ్ 2020లో. ఆ తర్వాత కేంద్రం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యంతో ఆడేదైనా, అదృష్టం మీద ఆడేదైనా ఒకటే, నిషేధం. నడిపేవాడికి మూడేళ్ళ వరకు జైలు, కోటి వరకు జరిమానా. ప్రకటన చేసేవాడికి రెండేళ్ళు, 50 లక్షలు. అది వచ్చిన రోజుల్లోనే దేశంలోని పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి.

కాబట్టి హైదరాబాద్‌లో, విజయవాడలో కూర్చుని "నమ్మకమైన ఆన్‌లైన్ కాసినో ఏది" అంటే జవాబు "లేదు". ఫిర్యాదు చేసుకునే చోటు లేనప్పుడు రాధగారి ప్రశ్నకు ఇక్కడ సమాధానమే లేదు. సెలెబ్రిటీ ప్రకటన చూసి నమ్మాం అనేవాళ్ళకి, 2025 మార్చిలో సైబరాబాద్ పోలీసులు బెట్టింగ్ ఆప్‌ల ప్రచారం మీద సినిమావాళ్ళ మీదా ఇన్‌ఫ్లుయెన్సర్ల మీదా కేసు పెట్టింది గుర్తుచేస్తున్నాను.

పాలమూరు పిల్లగాడు
బుధవారం, రాత్రి 11:05

అంటే నేను ఫిర్యాదు చేస్తే కేసు నా మీదనే పడ్తదా అన్నా? గీ భయంతోనే పొద్దున 1930కి చేసి కట్ చేసిన.

లెక్కల పద్దు
బుధవారం, రాత్రి 11:12

కేంద్ర చట్టంలో ఆడినవాడికి శిక్ష పెట్టలేదు. రాష్ట్ర చట్టాల్లో ఆడినవాడికీ శిక్ష ఉంది, అది దాచను. కానీ నువ్వు చెప్పబోయేది మోసం. "పన్ను కట్టు" అని నకిలీ పేరుతో డబ్బు గుంజుతున్నారు, ఏడు ఖాతాలు వాడారు. జరిగింది జరిగినట్టు చెప్పు, ఏదీ మార్చకు. మనసు ఒప్పకపోతే ఒక అడ్వకేటుతో కలిసి వెళ్ళు. భయంతో ఊరుకుంటే వాళ్ళకే లాభం, వాళ్ళు నమ్ముకునేది నీ భయాన్నే.

సంఖ్యాశాస్త్రం (హన్మకొండ)
గురువారం, ఉదయం 6:30

నిజాయితీగా నడిచే కాసినోలో కూడా లెక్క ఎలా ఉంటుందో ఒకసారి చూడండి, పిల్లలకి క్లాసులో చెప్పే పద్ధతిలోనే.

యూరోపియన్ రౌలెట్‌లో 37 గడులు. ఒక అంకె మీద పెట్టి గెలిస్తే 35 రెట్లు ఇస్తారు. న్యాయంగా 36 ఇవ్వాలి. ఆ తేడా వల్ల ప్రతి వంద రూపాయల పందెం మీద సగటున 2 రూపాయల 70 పైసలు కాసినోది. అమెరికన్ చక్రంలో ఇంకో సున్నా కలిపితే అది 5 రూపాయల 26 పైసలు.

స్లాట్ మీద "ఆర్టీపీ 96 శాతం" అని రాస్తారు, అంటే వేసిన పందేల మొత్తంలో సగటున తిరిగి వచ్చే శాతం. వంద వేస్తే 96 చేతికి వస్తాయి అనుకుంటారు చాలామంది. అలా కాదు. ప్రతి స్పిన్ మీదా 4 శాతం పోతుంది. 20 రూపాయల స్పిన్లు గంటకి 600 తిప్పితే పందెం మొత్తం 12,000, పోయేది సగటున 480. జేబులో వెయ్యి పెట్టుకుని కూర్చున్నవాడు రెండు గంటల్లో దాదాపు ఖాళీ. సగటు మాత్రమే, ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ.

బోనస్ కూడా అంతే. 1,000 బోనస్, 35 రెట్లు ఆడాలి అంటే 35,000 పందెం వేయాలి. 4 శాతం లెక్కన 1,400 పోతుంది, వెయ్యి ఉచితంగా పొందడానికి. బ్రిటన్‌లో ఈ రెట్లను 10కి మించకూడదని 2026 జనవరి నుంచి నియమం పెట్టింది అందుకే.

విమానం ఆటకి "ప్రిడిక్టర్" ఆప్ అమ్ముతున్నారు, మా కాలేజీ పిల్లలు కూడా కొన్నారు. యాదృచ్ఛికంగా వచ్చే అంకెను ముందు చెప్పగలిగినవాడు ఆ ఆప్ 500కి అమ్ముకోడు.

గుంటూరు అమ్మ
గురువారం, ఉదయం 10:50

నేను ఇంతవరకు ఇక్కడ వంటల విభాగంలోనే రాశాను. బాబూ, పాలమూరు బాబూ, నీ పోస్టు రాత్రి మా ఆయనకి చదివి వినిపించాను. మా పెద్దాడు ఇలాగే మొదట రెండు వేలు వచ్చాయని మొదలుపెట్టాడు. చివరికి తొమ్మిది లక్షలు. సగం లోన్ ఆప్‌లవి, సగం మా చెల్లెలి దగ్గర, మా ఆఫీసువాళ్ళ దగ్గర అబద్ధాలు చెప్పి తీసుకున్నవి. మాకు తెలిసింది లోన్ ఆప్ వాళ్ళు నా ఫోన్‌కి వాడి ఫొటో పంపినప్పుడు.

మేము తిట్టలేదు అని అబద్ధం చెప్పను. మూడు రోజులు తిట్టాం. నాలుగోరోజు వాడు అన్నం తినకుండా మేడమీద కూర్చుంటే భయమేసి 14416కి, టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళకి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. గవర్నమెంటు ఆస్పత్రిలో డాక్టరు దగ్గరికి పంపారు. అప్పులు ఇప్పుడు నెలనెలా తీరుస్తున్నాం. వాడి ఏటీఎం కార్డు నా దగ్గరే, వాడే ఇచ్చాడు.

నీకు 61 వేల దగ్గర ఆగింది. ఇంట్లో చెప్పు బాబూ. అమ్మకి చెప్పలేకపోతే అక్కకో బావకో చెప్పు.

కడప కుర్రోడు
గురువారం, మధ్యాహ్నం 12:15

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివినా. నా లెక్క కూడా ఇయ్యాల కూర్చుని రాసుకున్నా, రెండేళ్ళది. గెలిచినట్టే అనుకుంటా ఉన్నా. 1,12,000 పోయింది. సైటు మోసం చేయలేదు, సంఖ్యాశాస్త్రం సార్ చెప్పినట్టే పోయింది. ఉన్న యూఎస్‌డీటీ ఎట్లా తీయాలో గోదారి అన్నకి విడిగా రాస్తా.

పాలమూరు పిల్లగాడు
ఆదివారం, సాయంత్రం 5:30

అందరికీ అప్‌డేట్. గురువారం మధ్యాహ్నం మా బావకి చెప్పిన. ఆయనే పక్కన కూర్చుండి 1930కి చేయించిండు, పోర్టల్‌ల అన్నీ ఎక్కించినం. నిన్న సైబర్ క్రైమ్ స్టేషన్‌కి పోయినం. సారు నన్ను మందలించిండు గాని మంచిగనే రాసుకున్నడు. చివరి 18,000ల 11,400 ఒక ఖాతాల ఆగినయట. మిగిలినవి అప్పటికే ఏటీఎంల తీసిన్రట.

ఆగిన పైసలు వాపస్ రావాల్నంటే ఏం చేయాల్నో ఎవరికన్న తెల్సా?

గోదారిగట్టు
ఆదివారం, సాయంత్రం 6:10

11,400 ఆగడం చాలా సంతోషం తమ్ముడూ, బుధవారమే చేసుంటే ఇంకొంత ఆగేదేమో, పోనీలే. వాపస్‌కి ఇన్నాళ్ళూ కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చేది, నీలాంటి చిన్న మొత్తానికి ఇప్పుడు అవసరమో కాదో అధికారినే అడుగు. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్ళు లోక్ అదాలత్ ద్వారా ఇలా ఆపిన డబ్బు బాధితులకి ఇప్పిస్తున్నారు. నీ కేసు చూసే అధికారిని వచ్చే లోక్ అదాలత్‌లో పెట్టమని అడుగు. ఫిర్యాదు నంబరు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఆధార్ కాపీ సిద్ధంగా ఉంచుకో.

పాలమూరు పిల్లగాడు
ఆదివారం, రాత్రి 8:45

రేపే అడుగుత అన్నా. ఇంకొకటి. నన్ను గ్రూపుల చేర్పించిన రూమ్‌మేట్ మీద శానా కోపంతోని ఉంటి. మొన్న రాత్రి అడిగితే ఏడ్చిండు. వాడు పోయిన నెలనే "ట్యాక్స్" 40,000 కట్టిండట, సిగ్గుకి ఎవ్వలికి చెప్పలే. నన్ను చేర్పిస్తే కమీషన్ వచ్చి తన పైసలు వాపస్ వస్తయ్ అనుకున్నడట. వాని రసీదులన్నీ ఇయ్యాల ప్రింట్ తీసిన. రేపు పొద్దున వాన్ని గూడ స్టేషన్‌కి తీస్కపోతున్న.